లోపం పాటదా, సెట్టుదా? ఇంట్లో హైఫై పరీక్షకు ఏ రికార్డింగ్ పెట్టాలి

కొత్త స్పీకర్లు రాగానే ఫోన్‌లో దొరికిన పాట బ్లూటూత్‌లో పెట్టి "బేస్ ఎక్కువైంది", "గొంతు గీసుకుపోతోంది" అని తేల్చేస్తే అసలు తప్పు ఎక్కడుందో ఎప్పటికీ దొరకదు. ఆ పాట టేపు నుంచి క్యాసెట్‌కి, క్యాసెట్ నుంచి ఎంపీత్రీకి దిగి, ప్రతి మెట్టు దగ్గరా కొంత పోగొట్టుకుని ఉండొచ్చు. పరీక్షకు పెట్టే రికార్డింగ్‌లో ఏముందో ముందే తెలియాలి. పైగా ఒక్కో రికార్డింగ్ ఒక్కో ప్రశ్నకే జవాబు చెబుతుంది.

నాలుగు చాలు: పాత మోనో సినిమా పాట, మృదంగం తని ఆవర్తనం (ఒంటరిగా వాయించే భాగం) ఉన్న కచేరీ, వీణ లేదా వయొలిన్ తోడుగా స్త్రీ గొంతు, సన్నాయి మేళం. సీడీ నుంచి 16 బిట్, 44.1 కిలోహెర్ట్జ్‌లో శబ్దంలో ఏమీ పోగొట్టని వేవ్ లేదా ఫ్లాక్ ఫైళ్లుగా పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి. చెవికి కొలబద్ద కూడా కావాలి. విజయవాడ తుమ్మలపల్లి కళాక్షేత్రం లాంటి పెద్ద హాల్లో వినేది ఎక్కువగా మైకు గుండా వచ్చిన శబ్దమే. గుడిలో మైకు లేకుండా వాయించే సన్నాయి, డోలు దగ్గర పది నిమిషాలు నిలబడితే అసలు నాదం చెవిలో ఉండిపోతుంది.

గొంతు మధ్యలో నిలవడం లేదు

మోనో పాట పెట్టండి. ఘంటసాల కాలం నాటి సినిమా పాటలు దాదాపు అన్నీ మోనోయే. రెండు స్పీకర్లకూ ఒకటే సిగ్నల్ వెళ్తుంది కాబట్టి గొంతు, తబలా, వయొలిన్లు అన్నీ సరిగ్గా నడిమధ్యలో, ఒకే చోట వినపడాలి. అయితే తర్వాత వచ్చిన కాపీల్లో కృత్రిమంగా స్టీరియో చేసినవి, కొత్త రిథమ్ కలిపినవి ఉన్నాయి. ఈ పరీక్షకు అవి పనికిరావు, మనల్నే తప్పుదారి పట్టిస్తాయి.

గొంతు గదంతా పరుచుకుని, బేస్ పలచబడితే ఒక స్పీకర్‌కి వైర్లు తిరగబడ్డాయి. యాంప్ (యాంప్లిఫైయర్) ఆపి ఎర్ర టెర్మినల్ నుంచి ఎర్ర టెర్మినల్‌కే వైరు వెళ్తోందా చూడండి. రెండు వైర్లూ ఒకే రంగులో ఉంటే ఒక దాని మీద గీతో, అచ్చు అక్షరాలో ఉంటాయి, వాటిని పట్టుకుని వెళ్లండి. అదీ తేలకపోతే ఒక్క స్పీకర్ వైర్లు మాత్రమే తిప్పి వినండి. బేస్ నిండుగా, గొంతు మధ్యలో ఉన్నదే సరైన పద్ధతి.

గొంతు ఒక పక్కకే లాగుతుంటే ముందు బ్యాలెన్స్ నాబ్ మధ్యలో ఉందో లేదో చూసి, యాంప్ ఇన్‌పుట్ దగ్గర ఎడమ, కుడి పిన్నులు మార్చండి. లాగుడు రెండో పక్కకి మారితే లోపం ప్లేయర్‌లోనో కేబుల్‌లోనో ఉంది. మారకపోతే యాంప్, స్పీకర్లు, గది ఈ మూడే మిగిలాయి. ఒక స్పీకర్ మూలకి ఆనుకుని, రెండోది బాల్కనీ తలుపు పక్కన ఉంటే ఏ యాంప్ మార్చినా ఉపయోగం లేదు. కూర్చునే చోటి నుంచి రెండు స్పీకర్లకూ టేపు పెట్టి కొలవండి. రెండు, మూడు సెంటీమీటర్ల తేడా కూడా గొంతుని పక్కకి జరుపుతుంది.

బేస్ గుంయ్‌మంటోంది

ఎక్కువ ఇళ్లలో పెద్ద జబ్బు ఇదే, దీన్ని పట్టించేది మృదంగమే. ఎడమ మూతకి రవ్వ ముద్ద అంటిస్తారు. దాని మీద చెయ్యి ఒత్తి జార్చినప్పుడు పుట్టే గుంకీ ఒక్క స్థాయిలో ఉండదు, పాకుతూ జారుతుంది. ఆ జారుడు మొదటి నుంచి చివరి దాకా ఒకే బలంతో వినపడాలి. మధ్యలో ఒక్కచోట ఉబ్బి, దెబ్బ అయిపోయాక కూడా మోగుతూ ఉంటే అది గది పని, మృదంగానిది కాదు.

ఎదురెదురు గోడల మధ్య ధ్వని నిలిచిపోయే మొదటి పౌనఃపున్యం తెలియాలంటే 172ని గది పొడవుతో, మీటర్లలో, భాగించండి. 12 అడుగుల గది అంటే 3.66 మీటర్లు, సుమారు 47 హెర్ట్జ్. 10 అడుగుల వెడల్పుకి 56 దగ్గర. వాటి రెట్టింపుల దగ్గరా ఉబ్బు వస్తుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ పెట్టి, యాంప్‌కి కలిపి 30 నుంచి 120 దాకా మెల్లగా పెంచితే ఆ చోట్లు చెవికే తెలుస్తాయి.

పరిష్కారం ముందు జరపడంలోనే ఉంది. సోఫా వెనక గోడకి ఆనితే బేస్ రెట్టిస్తుంది, గది నడుమ కూర్చుంటే అదే బేస్ మాయమవుతుంది. వెనక గోడ నుంచి గది పొడవులో 38 శాతం దూరంతో మొదలుపెట్టండి. 12 అడుగుల గదిలో అది నాలుగున్నర అడుగులు. స్పీకర్లని మూలల నుంచి లాగి, వాటి వెనకున్న గోడకి రెండడుగులు ఎడంగా పెట్టండి. ప్రతిసారీ అర అడుగే జరిపి అదే గుంకీ మళ్లీ వినాలి. గుంటూరులో దూది పరుపులకి కొదవ లేదు కాబట్టి ఒక దాన్ని చుట్టి మూలన నిలబెట్టి చూడొచ్చు. దాని ప్రభావం 100 హెర్ట్జ్ పైనే ఎక్కువ, 47 దగ్గర పెద్దగా ఉండదు. పల్చటి ఫోమ్ ముక్కలు బేస్‌కి ఏమీ చేయవు.

స, శ, చ అక్షరాలు గీసుకుపోతున్నాయి

స్త్రీ గొంతు రికార్డింగ్ పెట్టి, అదే పాట మామూలు ఇయర్‌ఫోన్‌లో కూడా వినండి. అక్కడా గీరితే పాటే అంత. అక్కడ మెత్తగా ఉండి గదిలో గీరితే నేల మీదున్న టైల్స్, కిటికీ అద్దాలు కారణం. గది మధ్యలో ఒక చప్పట్టు కొడితే వెనకే జర్రుమనే మోత వినపడుతుంది. స్పీకర్లకీ సోఫాకీ మధ్య నేల మీద బొంతో జంపఖానాయో పరిచి మళ్లీ వినండి. పక్క గోడలకి ఒకరు అద్దం ఆనించి జరుపుతుంటే, సోఫాలో కూర్చున్నవారికి స్పీకర్ ఎక్కడ కనిపిస్తే అక్కడ మందపాటి కర్టెన్ వేలాడదీయాలి. అప్పటికీ తగ్గకపోతే, మొహానికి సూటిగా తిప్పిన స్పీకర్లని కొంచెం బయటికి తిప్పండి.

ముసుగేసినట్టు ఉంది

క్యాసెట్ నుంచి ఎక్కించిన పాటైతే అందులోనే సన్నటి పై స్థాయి శబ్దం (ట్రెబుల్) తగ్గిపోయి ఉంటుంది. సీడీలోనూ అలాగే ఉంటే పాత పేపరు గొట్టంలా చుట్టి చెవికి పెట్టుకుని, రెండో కొస ట్వీటర్ (సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్) ముందు ఉంచండి. తాళాల చిరుమోత ఒక స్పీకర్‌లో ఉండి రెండో దాంట్లో లేకపోతే ఆ ట్వీటర్ పోయింది. వెనక టెర్మినల్ దగ్గర మల్టీమీటర్ పెడితే తెలియదు, మధ్యలో కెపాసిటర్ అడ్డుంటుంది. ట్వీటర్ విప్పి, వైర్లు తీసి కొలవాలి: 3 నుంచి 7 ఓమ్‌లు చూపితే కాయిల్ తెగలేదు, ఏమీ చూపకపోతే తెగింది.

సౌండ్ పెంచితే చిరుగుతోంది

దీనికి సన్నాయి మేళం. సన్నాయి ఆగకుండా గట్టిగా మోగుతుంది, డోలు దెబ్బ ఒక్కసారిగా లేస్తుంది. డోలు దెబ్బ పడిన క్షణమే సన్నాయి కూడా చిరిగితే యాంప్ శక్తి చాలడం లేదు, వాల్యూమ్ తగ్గించండి. అలాగే వాయించుకుంటూ పోతే ట్వీటర్లు కాలతాయి. ఇరవై నిమిషాల తర్వాతే మొదలైతే వేడి. అద్దాల షోకేసులో మూసిపెట్టిన యాంప్ మే నెలలో ఊపిరాడక ఆగిపోతుంది, పైన కనీసం 10 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. తక్కువ సౌండ్‌లో కూడా ఒకే స్పీకర్ గరగరలాడితే దాని కోన్ చుట్టూ ఉన్న ఫోమ్ అంచు చూడండి. వేలికి పొడిలా అంటుకుంటే అంచు మార్పించాలి.

గుయ్‌మనే హమ్

పాట ఆపి వినండి. తంబూర శ్రుతి కింద 50 లేదా 100 హెర్ట్జ్ హమ్ దాక్కుంటుంది. టీవీ, డిష్ కేబుల్ యాంప్ నుంచి పీకినప్పుడు ఆగితే అది ఎర్త్ లూప్, అంటే పరికరాలు వేర్వేరు దారుల్లో ఎర్త్ అయి కేబుల్‌లో కరెంటు తిరగడం. అన్నిటినీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డులో పెట్టండి. ఎర్త్ పిన్ను మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ తీసేయకండి. ప్రాణానికి ముప్పు.

షాపులో బాగుంది, ఇంట్లో లేదు

డెమోకి మీ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. రెండు యాంప్‌లు పోల్చేటప్పుడు ఏది కాస్త గట్టిగా మోగితే అదే చెవికి మెరుగనిపిస్తుంది. అందుకే 1 కిలోహెర్ట్జ్ టోన్ తక్కువ సౌండ్‌లో పెట్టి, స్పీకర్ టెర్మినల్ దగ్గర ఏసీ వోల్టేజీ రెండిట్లోనూ ఒకటే వచ్చేలా వాల్యూమ్ సరిచేయండి. ఒక దాంట్లో 1.00 వోల్ట్ ఉంటే రెండో దాంట్లో 0.99కి తగ్గకూడదు, 1.01 దాటకూడదు. ఆ తర్వాతే మృదంగం పెట్టండి.