యంత్రాల మేళాకు వెళ్తున్నారా? మీ పిన్ను వెంట తీసుకెళ్ళండి

మొదటిసారి యంత్రాల మేళా చూసి వచ్చినప్పుడు నాకు మిగిలినవి పద్నాలుగు కిలోల బ్రోచర్లు, వాచిన పాదాలు, ఒక ఉచిత టోపీ. టోపీ మా వాచ్‌మన్ ఇప్పటికీ పెట్టుకుంటున్నాడు. బ్రోచర్లు పాత కాగితాల బండికి వేశాం. అప్పటినుంచి నాలుగుసార్లు వెళ్ళాను. ఎలా వెళ్ళాలో, ఏమి అడగాలో నా చేతులు కాల్చుకుని నేర్చుకున్నది కాస్త రాస్తున్నాను. మా వీధిలో చాలామంది ‘ఈ ఏడు మేమూ వస్తాం’ అంటున్నారు కాబట్టి విడివిడిగా చెప్పే శ్రమ కూడా తప్పుతుంది.

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో నాన్నగారు పెట్టిన లేతు షాపును నడుపుతున్నాను. లారీల కమాను కట్టలను చట్రానికి తగిలించే షాకిల్ పిన్నులు, బుష్‌లు, ముందు చక్రాలు తిరిగే చోట వాడే కింగ్ పిన్నులు కొన్ని చేస్తాం. పాత లేతులు మూడు, సీఎన్‌సీలు (కంప్యూటరు నడిపే లేతులు) రెండు, పనివాళ్ళు పదకొండు మంది. నేను చెప్పేదంతా ఈ స్థాయి షాపులకే.

ముందు ఏ మేళాకు వెళ్ళాలో తేల్చుకోండి. మన దేశంలో పెద్దది బెంగళూరులో జరిగే ఐమ్‌టెక్స్. భారత మెషీన్ టూల్ తయారీదారుల సంఘం 1969లో ముంబయిలో దీన్ని మొదలుపెట్టింది. ఇప్పుడు తుమకూరు రోడ్డులోని అంతర్జాతీయ ప్రదర్శన కేంద్రంలో, సాధారణంగా జనవరిలో జరుగుతుంది. బేసి సంవత్సరాల్లో లోహాన్ని చెక్కే యంత్రాలు, అంటే లేతులు, మిల్లింగ్, గ్రైండింగ్ ఉంటాయి. సరి సంవత్సరాల్లో రేకును కోసేవి, వంచేవి, అచ్చు కొట్టేవి ఉంటాయి. ఈ తేడా తెలియక మా పక్క వీధిలో లారీల బాడీ బిల్డింగ్ షాపాయన బేసి సంవత్సరంలో వెళ్ళి, రేకు వంచే ప్రెస్ బ్రేకు కోసం రోజంతా వెతికి, చివరికి మైసూర్‌పాక్ కొనుక్కుని వచ్చారు. చెన్నైలో అంబత్తూరు పారిశ్రామికవాడ తయారీదారుల సంఘం నడిపే ఆక్మీ కూడా మన స్థాయికి బాగుంటుంది. అక్కడ తిరగడం సులువు, మాట్లాడేవాళ్ళకు తీరికా ఉంటుంది.

బెంగళూరుకైతే కొండవీడు ఎక్స్‌ప్రెస్ ఎక్కండి. అది రోజూ ఉండదు, మీ తేదీకి ఉందో లేదో చూసుకోండి. విజయవాడ, గుంటూరు రెండు ఊళ్ళవాళ్ళకూ పనికొస్తుంది, యశ్వంతపురలో దింపుతుంది. అక్కడే మెట్రో ఆకుపచ్చ లైను ఎక్కితే మాదావర స్టేషన్లో దిగి ప్రదర్శన కేంద్రానికి వెళ్ళవచ్చు. ఈ మార్గం 2024 నవంబరులో తెరిచారు. అంతకు ముందు తుమకూరు రోడ్డు ట్రాఫిక్‌లో ఆటోలో కూర్చుని పోగొట్టుకున్న గంటలు తలుచుకుంటే ఇప్పటికీ మండిపోతుంది. పేరు ముందుగానే ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోండి. శని, ఆదివారాలు మాత్రం వద్దు. ఆ రోజుల్లో ఇంజనీరింగ్ కాలేజీల బస్సులు దిగుతాయి, పిల్లలు సెల్ఫీలు తీసుకుంటుంటే మీకు యంత్రం కనబడదు.

ఇక అసలు సంగతి. బయలుదేరే ముందు మీరు ఎక్కువగా చేసే వస్తువుల్లో రెండో మూడో ఎంచుకోండి. ఒక్కోదానికి నాలుగు రకాలు సంచీలో వేసుకోండి: డ్రాయింగ్, కోసిన పచ్చి ముక్క, పూర్తయిన ముక్క, తనిఖీలో పోయిన ముక్క. ఎక్కువ కబుర్లు చెప్పేది చివరిదే. మేము మొదటిసారి ఏమీ లేకుండా వెళ్ళి ‘మంచి సీఎన్‌సీ ఉందా’ అని అడిగాం. కిరాణా కొట్టుకు వెళ్ళి ‘మంచి సరుకుందా’ అని అడిగినట్టు. రెండోసారి మా మేస్త్రి 30 మిల్లీమీటర్ల షాకిల్ పిన్ను తీసి బల్లమీద పెట్టి, ‘ఇది ఈఎన్‌8 ఉక్కు. 20 మైక్రాన్ల లోపల రావాలి. నెలకు ఆరువేలు. ఎంతసేపట్లో ఇస్తుంది?’ అన్నారు. (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు.) సేల్స్ కుర్రాడు బ్రోచరు మూసేసి లోపలినుంచి అప్లికేషన్ ఇంజనీరును పిలుచుకొచ్చాడు. మీకు కావలసిన మనిషి అతనే.

ఇక్కడ ఒక మాట ఆడవాళ్ళకు. స్టాళ్ళలో నాకు కాఫీ ఇస్తారు, మేస్త్రికి వివరాలు చెబుతారు. నేను కోపగించుకోవడం మానేశాను. ఆయన ప్రతిసారీ ‘డబ్బు అమ్మగారిది, అమ్మగారికి చెప్పండి’ అంటారు. అంతే, కుర్చీలన్నీ నా వైపు తిరుగుతాయి.

సమయం అడిగినప్పుడు వాళ్ళు చెప్పేది యంత్రం చెక్కే సమయం. ముక్కను పట్టుకునే చక్‌లో బిగించడం, విప్పడం, కొలవడం అందులో ఉండవు. ఇవన్నీ కలిపి చేతినుంచి చేతికి ఎంతసేపని అడగండి. నేను వేసుకునే లెక్క ఇది. ఉదాహరణకు యంత్రం 24 లక్షలు, ఎనిమిదేళ్ళు వాడతాం అనుకుందాం. రెండు షిఫ్టులు, ఏడాదికి 300 రోజులు, అందులో నిజంగా తిరిగేది 70 శాతం అనుకుంటే 3,360 గంటలు. తరుగుదల గంటకు సుమారు 90 రూపాయలు, వడ్డీ 40, కరెంటు 40, ఇద్దరు ఆపరేటర్ల జీతం 140, ఇన్సర్టులు (అరిగితే మార్చే చెక్కుడు అంచులు), నూనెలు, మరమ్మతు 50. మొత్తం 360. చేతినుంచి చేతికి మూడు నిమిషాలైతే పిన్నుకు 18 రూపాయలు, ఐదు నిమిషాలైతే 30. స్టాలులో విన్న ‘రెండు నిమిషాలే మేడమ్’ అనే మాట విలువ ఇక్కడ తెలుస్తుంది. మీ జీతాలు, మీ వడ్డీ వేసి ఈ లెక్క ఇంట్లోనే కాగితం మీద సిద్ధం చేసుకోండి. అక్కడ ఆ హోరులో లెక్కలు కుదరవు.

నా చేతులు కాలింది ముక్కను తిప్పే స్పిండిల్ మోటారు దగ్గర. బ్రోచరులో పెద్ద అక్షరాలతో 11 కిలోవాట్లు అని ఉంది. ‘మేళా ధర ఈ సాయంత్రం వరకే’ అన్నారు, నేను బయానా ఇచ్చేశాను. యంత్రం వచ్చాక చూస్తే 11 అనేది కొద్దిసేపు లాగగలిగే శక్తి, ఆగకుండా రోజంతా ఇచ్చేది 7.5. నిమిషానికి 180 మీటర్ల వేగం, 4 మిల్లీమీటర్ల లోతు, ఒక్కో చుట్టుకు పనిముట్టు 0.3 మిల్లీమీటర్లు జరిగే ఫీడ్‌తో ఈఎన్‌8 ఉక్కు చెక్కాలంటే కోత దగ్గరే 8 కిలోవాట్లు కావాలి. అంటే నేను లెక్క వేసుకున్న రెండు కోతల పని మూడు కోతలైంది. కంపెనీని తిట్టి లాభం లేదు. పట్టికలో చిన్న అక్షరాలతో రెండు అంకెలూ ఉన్నాయి, చూడనిది నేను. కాబట్టి ‘ఎస్‌1 రేటింగ్ ఎంత?’ అని అడగండి. ఆగకుండా ఇచ్చే శక్తికి గుర్తు అదే. ఎస్‌6 అని రాసి శాతం వేసి ఉంటే అది మధ్యమధ్య విరామాలతో ఇచ్చేది.

అలాగే కచ్చితత్వం. ‘ఐదు మైక్రాన్లు’ అంటే ఏ ఐదు? చెప్పిన చోటికి చేరడమా, చేరిన చోటికే మళ్ళీ మళ్ళీ రావడమా? ఐఎస్‌ఓ 230-2 ప్రకారం పరీక్షించిన పత్రం చూపించమనండి. ఇంకా ముఖ్యం, మేళా హాలులో ఏసీ ఉంటుంది, మన షెడ్డులో ఉండదు. ఉక్కు ఒక్క డిగ్రీకి మీటరుకు దాదాపు 11.5 మైక్రాన్లు సాగుతుంది. హాలులో 24 డిగ్రీలు, మే నెలలో మా రేకుల కింద 44. ఇరవై డిగ్రీల తేడాకు 30 మిల్లీమీటర్ల పిన్నే 7 మైక్రాన్లు ఉబ్బుతుంది, అంటే మా 20 మైక్రాన్లలో మూడో వంతు. యంత్రం లోపల పనిముట్టును జరిపే పొడవాటి బాల్ స్క్రూ సంగతి చెప్పనక్కర్లేదు. అందుకే స్క్రూను సాగదీసి బిగించారా, పనిముట్టు స్థానాన్ని పక్కనే బిగించిన లీనియర్ స్కేలుతో నేరుగా కొలుస్తుందా లేక మోటారు ఎంత తిరిగిందో చెప్పే ఎన్‌కోడర్‌తోనే సరిపెడుతుందా, కరెంటు పెట్టెకు ఏసీ ఉందా అని అడుగుతాను. ‘మీ ఊళ్ళో ఎండ ఎంత?’ అని వాళ్ళే ముందు అడిగిన స్టాలు నాకు ఇంతవరకు ఒక్కటే తగిలింది. రెండో సీఎన్‌సీ అక్కడే కొన్నాను.

డెమో చూసేటప్పుడు రెండు నిమిషాలు చూసి కదలకండి. చాలా స్టాళ్ళలో అల్యూమినియం చెక్కి తళతళలాడే తామరపువ్వు చేసి చూపిస్తారు. మనకు తామరపువ్వులతో పనిలేదు. ఉక్కు చెక్కమనండి. రజను తునకలుగా రాలుతోందా, తీగలా చుట్టుకుంటోందా చూడండి. తీగలా చుట్టుకుంటే ఆపరేటరు కొక్కెం పట్టుకుని పక్కనే నిలబడాలి, అలాంటప్పుడు ఆటోమేషన్ అన్న మాటకు అర్థం లేదు.

కొత్త పోకడల గురించి అందరూ అడుగుతారు. ‘ఇండస్ట్రీ 4.0’ అన్న మాట 2011లో జర్మనీలోని హనోవర్ మేళాలో మొదట వినబడింది. ఇప్పుడు ప్రతి స్టాలు గోడమీదా ఉంది. మన స్థాయిలో దాని అర్థం ఒక్కటే: యంత్రం ఎంతసేపు నడిచింది, ఎందుకు ఆగింది అన్నది మనిషి రాయకుండా తెలియడం. ఆ సమాచారం ఏ సాఫ్ట్‌వేరైనా చదవగలిగే ఎంటీకనెక్ట్ లేదా ఓపీసీ యూఏ పద్ధతిలో బయటకు వస్తుందా, లేక వాళ్ళ సాఫ్ట్‌వేరుకే ఏటేటా చందా కట్టాలా అని అడగండి. మేము యంత్రం నడుస్తోందో ఆగిందో చూపే నెత్తిమీద దీపానికి చిన్న సెన్సారు తగిలించాం. పదహారు గంటల్లో యంత్రం తొమ్మిది గంటలే తిరుగుతోందని బయటపడింది. నేను 70 శాతం అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నాను! మిగతా సమయమంతా క్రేను కోసం, కొలతల కోసం ఎదురుచూపులే. కొత్త యంత్రం ఆలోచన ఆ ఏడాదికి వాయిదా పడింది.

మనుషుల పక్కనే పనిచేసే రోబో చేతులు, కోబాట్లు, ముచ్చటగా ఉంటాయి. ఎంత బరువు ఎత్తుతుందని చెబితే, అందులోనే పట్టుకునే పంజా బరువూ కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. పక్కన మనిషి ఉంటే వేగం తగ్గించి నడపాలి. నెలకు ఆరువేల పిన్నులకు మాకు లెక్క కుదరలేదు. లోహపు త్రీడీ ప్రింటింగ్ చూసి ఆనందించండి, అంతే. ప్లాస్టిక్ ప్రింటరు మాత్రం గేజీలకు, బిగింపు దిమ్మలకు అచ్చంగా పనికొస్తుంది. బాడీ బిల్డింగ్‌వాళ్ళు ఫైబర్ లేజర్ తప్పక చూడాలి. పాత సీఓ2 లేజర్ కంటే కరెంటు బాగా తక్కువ తింటుంది, ఇత్తడి, అల్యూమినియం రేకులనూ సులువుగా కోస్తుంది. అయితే స్టెయిన్‌లెస్ అంచు తెల్లగా రావాలంటే నైట్రోజన్ కావాలి. గంటకు ఎంత గ్యాసు తాగుతుందో అడగకపోతే కోత ధర అరకొరగా తెలిసినట్టే.

నా మట్టుకు నాకు మేళాలో అసలు లాభం యంత్రాల హాళ్ళలో దొరకలేదు. చివరి హాళ్ళలో, జనం పలచగా ఉండే టూలింగ్ (చెక్కే పనిముట్ల) స్టాళ్ళలో దొరికింది. మామూలు ఇన్సర్టుతో ఫీడ్ రెట్టింపు చేస్తే గరుకుదనం దాదాపు నాలుగింతలవుతుంది. వైపర్ ఇన్సర్టు ముక్కు పక్కన చిన్న చదును అంచు ఉంటుంది, రెట్టింపు ఫీడ్‌లోనూ నునుపు నిలబడుతుంది. తనిఖీలో పోయిన మా పిన్నును అక్కడే మైక్రోమీటరుతో కొలిచి చూపించిన పెద్దాయన చెప్పిన మాట అది. కొన్ని వందల రూపాయల ఇన్సర్టుతో ఫినిషింగ్ సమయం సగమైంది. ఇండక్షన్ హార్డెనింగ్ (కరెంటుతో కాల్చి పైపొరను గట్టిపరచడం) తరవాత గ్రైండింగుకు బయటకు పంపే పిన్నులను, గట్టి ఉక్కునూ చెక్కగల సీబీఎన్ ఇన్సర్టుతో లేతు మీదే ముగించవచ్చన్నదీ ఆయన దగ్గరే విన్నాను. ఇప్పుడు సగం సరుకు అలాగే చేస్తున్నాం. మీకు రెండు రోజులుంటే ఒక పూట అంతా ఈ హాళ్ళకే ఉంచండి.

ధర మాట్లాడేటప్పుడు అక్కడ సంతకం పెట్టకండి. నిజమైన తగ్గింపు అయితే పది రోజులు ఆగుతుంది. కొటేషనులో చక్, దవడలు, టూల్ హోల్డర్లు, స్టెబిలైజరు, రవాణా, జీఎస్టీ, శిక్షణ విడివిడిగా రాయించుకోండి. సర్వీసు ఇంజనీరు ఏ ఊళ్ళో ఉంటాడు, ఫోను చేస్తే ఎన్ని గంటల్లో వస్తాడు అన్నది కాగితం మీద ఉండాలి. ఆంధ్రాలో ఇదే యంత్రం వాడుతున్న ఒకరి ఫోను నంబరు అడగండి, తిరిగి వచ్చాక వెళ్ళి చూడండి. యజమానితో కంటే ఆపరేటరుతో పది నిమిషాలు ఎక్కువ మాట్లాడండి, టీ తాగుతూ.

ఇంటికి రాగానే చేయవలసిన పనులు మూడు. మీ ముక్కను నచ్చిన రెండు కంపెనీలకు పంపి యాభై నమూనాలు చేయించి, అన్నీ మీరే కొలవండి. ఐదు బాగుంటే సరిపోదు, యాభైలో యాభైయో ముక్క ఎలా ఉందో చూడాలి. ఈలోగా కరెంటు ఆఫీసులో మీ మంజూరైన లోడు ఎంతో కనుక్కుని, యంత్రానికి కావలసిన కేవీఏతో పోల్చండి. తరవాత టేపు తీసుకుని మీ షట్టరు వెడల్పు, ఎత్తు కొలిచి, యంత్రం ప్యాకింగ్ కొలతల పక్కన రాయండి. మా మొదటి సీఎన్‌సీ ఒక రాత్రంతా లారీ మీద, రోడ్డు పక్కన టార్పాలిన్ కింద పడుకుంది. తెల్లారి గోడ పగలగొట్టి లోపలికి తెచ్చాం. ఆ గోడ కట్టింది నాన్నగారే, ఆయన కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చుని ఒక్క మాటా మాట్లాడకుండా చూశారు.