కారు కిందికి దూరకుండా ఇంజన్ ఆయిల్ మార్చుకోవడం

ఇంట్లో ఆయిల్ మార్చుకుందామనుకున్నవాళ్లలో చాలామంది వెనక్కి తగ్గేది కారు కింద పడుకోవాల్సి వస్తుందనే. వెల్లకిలా పడుకుని, మొహానికి జానెడు దూరంలో ఉన్న బోల్టును తిప్పుతూ, ఆయిల్ ఎప్పుడు మోచేతి దాకా కారుతుందోనని బిక్కుబిక్కుమంటూ చేసే పని ఎవరికి మాత్రం ఇష్టం? నాకు నడుం నొప్పి కూడా ఉంది. అయినా ఇంట్లో ఉన్న రెండు కార్లకీ ఆయిల్ నేనే మారుస్తాను. లోపల ఏ ఆయిల్ పడింది, ఎంత పడింది, ఫిల్టర్ నిజంగా మారిందా లేదా అన్నది నా కళ్లతో చూసుకుంటే తప్ప నాకు తృప్తి ఉండదు. కిందికి దూరే అవసరాన్ని ఎంత తగ్గించుకుంటే పని అంత తేలికవుతుంది. ఆ దారులే ఇక్కడ చెబుతున్నాను.

పానా పట్టుకునే ముందు కారుతో వచ్చిన పుస్తకం తీయండి. అందులో మూడు సంగతులు చూసుకోవాలి: ఆయిల్ గ్రేడు, అది అందుకోవాల్సిన ప్రమాణం, ఫిల్టర్‌తో కలిపి ఎన్ని లీటర్లు పడుతుంది అన్నది. 5డబ్ల్యూ-30 అని ఉంటే, డబ్ల్యూ ముందున్న అంకె చలిలో ఇంజన్ స్టార్ట్ చేసినప్పుడు ఆయిల్ ఎంత తేలిగ్గా కదులుతుందో చెబుతుంది. వెనకున్న అంకె ఇంజన్ బాగా వేడెక్కాక ఎంత చిక్కదనం నిలబెట్టుకుంటుందో చెబుతుంది. ‘చిక్కటి ఆయిల్ పోస్తే ఇంజన్‌కి బలం’ అనేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. వాళ్ల మాట వినకండి. 0డబ్ల్యూ-20 కోసం తయారైన ఇంజన్‌లో ఆయిల్ దారులు, బేరింగుల సందులు ఆ పల్చదనానికి తగ్గట్టే ఉంటాయి. వాల్వ్ టైమింగ్ మార్చే భాగాలు కూడా చాలా కార్లలో ఆ ఆయిల్ ప్రెషర్‌తోనే కదులుతాయి.

పెట్రోల్ కార్లకు ఏపీఐ (అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్) ప్రమాణంలో కొత్తది పాతదాని స్థానంలో పనికొస్తుంది. 2020లో వచ్చిన ఎస్పీ, అంతకుముందున్న ఎస్ఎన్ అడిగే ఇంజన్‌కు నిశ్చింతగా పోయవచ్చు, గ్రేడు సరిపోతే చాలు. డీజిల్‌లో అంత సులువు కాదు. పొగగొట్టంలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టి ఆపే ఫిల్టర్) ఉన్న కారైతే తక్కువ బూడిద మిగిల్చే ఆయిలే కావాలి. ఏసీఈఏలో, అంటే యూరప్ కార్ల కంపెనీల సంఘం ప్రమాణంలో, సీ తరగతి ఆయిళ్లు అందుకే ఉన్నాయి. మసి అయితే డీపీఎఫ్‌లో కాలిపోతుంది గానీ బూడిద కాలదు, అలాగే పేరుకుపోతుంది. ఇక టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజన్లు కొన్ని ఉన్నాయి. వాటిలో కంపెనీ చెప్పిన ఆయిల్ కాకుండా వేరేది పోస్తే బెల్టు రబ్బరు చెడి, ఆ ముక్కలు ఆయిల్ పంపు జల్లెడకు అడ్డం పడతాయి. ఈ విషయంలో మాత్రం సొంత తెలివి వద్దు.

పైనుంచి లాగేయడం

నాకు బాగా నచ్చిన పద్ధతి ఇది. డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే గీతల పుల్ల) ఉండే గొట్టంలోంచి సన్నటి ట్యూబు దించి, చేతి పంపుతో ఆయిల్‌ను పైకి లాగేయడం. దీనికోసం ఆయిల్ ఎక్స్‌ట్రాక్టర్ అని ఒక డబ్బా దొరుకుతుంది. పైన పిడి ఉంటుంది, పక్కన లీటర్ల గీతలు ఉంటాయి. కనీసం 6 లీటర్లు పట్టేది తీసుకోండి. కారు ఎత్తక్కర్లేదు, డ్రెయిన్ ప్లగ్ (ఆయిల్ కార్చడానికి ఇంజన్ కింద ఉండే బోల్టు) ముట్టుకోనక్కర్లేదు.

ఇంజన్‌ను ఐదు నిమిషాలు ఐడిలింగ్‌లో ఉంచి ఆపేయండి. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే చాలు. దూరం నడిపి వచ్చిన వెంటనే మొదలుపెట్టకండి, ఆ వేడికి చర్మం కాలుతుంది, ట్యూబు కూడా మెత్తబడుతుంది. పైన ఆయిల్ పోసే మూత వదులు చేసి, డిప్‌స్టిక్ తీసేసి, ట్యూబును నెమ్మదిగా దించండి. అడుగు తగిలినప్పుడు వేలికి తెలుస్తుంది, లోపల ఏదో మెత్తగా అడ్డుపడ్డట్టు. బలవంతంగా తోస్తే ట్యూబు లోపల పైకి వంగి గాలిని లాగుతుంది, అందుకని అడుగు తగలగానే కొద్దిగా పైకి తీసి పట్టుకోండి. ఇప్పుడు పిడిని కొన్నిసార్లు కొడితే డబ్బాలో వాక్యూమ్ ఏర్పడుతుంది. ట్యూబులో మొదట నల్లటి చుక్క, ఆ వెనకే గీతలా ఆయిల్ పైకి పాకుతుంది. తర్వాత పది పదిహేను నిమిషాలు అదే వస్తూ ఉంటుంది. గుటగుటమని గాలి శబ్దం మొదలైతే ట్యూబును కొద్దిగా తిప్పి, పైకీ కిందికీ జరిపి చూడండి. చాలాసార్లు మూలన మిగిలిన ఇంకొంచెం ఆయిల్ అప్పుడు వస్తుంది.

ఈ పద్ధతి అన్ని ఇంజన్లకూ పనికిరాదు. కొన్నిటిలో డిప్‌స్టిక్ గొట్టం ఆయిల్ చాంబర్ (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే గిన్నె) అడుగుదాకా దారి ఇవ్వదు, కొన్ని కొత్త కార్లకు అసలు డిప్‌స్టికే ఉండదు. మీ ఇంజన్ సంగతి తేల్చుకోవడానికి ఒక పని చేయండి. మొదటిసారి పైనుంచి లాగేశాక, కింద డ్రెయిన్ ప్లగ్ కూడా విప్పి ఎంత మిగిలిందో చూడండి. చిన్న గ్లాసుడు లోపు వస్తే ఇకమీదట నిశ్చింతగా పైనుంచే చేసుకోవచ్చు. అర లీటరు వచ్చిందంటే ఈ పద్ధతి మీ ఇంజన్‌కు కుదరదు.

‘అడుగున ఉన్న మడ్డి అలాగే ఉండిపోదా?’ అని అడుగుతారు. ఆయిల్‌లో తేలే మసి ఆయిల్‌తోపాటే వచ్చేస్తుంది, కాస్త పెద్ద రేణువులు ఫిల్టర్‌లో ఆగుతాయి. గోడలకు అంటుకుని గట్టిపడ్డ మడ్డి ఉంటే, అది డ్రెయిన్ ప్లగ్ తీసినా కదలదు. వేళకు ఆయిల్ మారుస్తుంటే ఆ మడ్డి తయారే కాదు. అయినా అప్పుడప్పుడూ నేను ప్లగ్ తీసి చూస్తాను. దాని చివర అయస్కాంతం ఉంటే అంటుకున్న పొడి ఇంజన్ ఆరోగ్యం చెబుతుంది. బూడిద రంగు పేస్టులా ఉంటే మామూలే, మెరిసే రజను పలుకులు కనిపిస్తే మెకానిక్‌కు చూపించాలి.

ప్లగ్ బదులు వాల్వ్

పైనుంచి కుదరని ఇంజన్లకు రెండో దారి డ్రెయిన్ వాల్వ్. పాత ప్లగ్ ఉన్నచోట శాశ్వతంగా బిగించేస్తారు. తర్వాత నుంచి చిన్న మీట పావు చుట్టు తిప్పితే ఆయిల్ కారుతుంది, మళ్లీ తిప్పితే ఆగుతుంది. జపాన్‌కు చెందిన ఫుమోటో వాల్వులు దీనికి బాగా పేరున్నవి. చివర పైపు తొడిగే రకం తీసుకుంటే ఆయిల్ ఒక్క చుక్క కింద పడకుండా నేరుగా డబ్బాలోకి పోతుంది. ప్లగ్ కంటే రంధ్రం చిన్నది కాబట్టి కారడానికి ఎక్కువసేపు పడుతుంది, అంతే తేడా.

కొనేముందు మీ ప్లగ్ త్రెడ్ కొలత సరిచూసుకోండి. 12 ఎంఎం, 14 ఎంఎం ప్లగ్‌లు ఎక్కువగా కనిపిస్తాయి గానీ త్రెడ్ పిచ్ (మర చుట్ల మధ్య దూరం) కూడా కలవాలి. వాల్వ్ చాంబర్ కంటే కిందికి పొడుచుకొస్తుందా అన్నది అంతకంటే ముఖ్యం. ఎత్తు తక్కువ ఉన్న కారుకు, కింద రక్షణ రేకు లేని కారుకు నేను దీన్ని సిఫారసు చేయను. రాయి తగిలి వాల్వ్ విరిగితే ఆయిలంతా రోడ్డు మీదే పోతుంది. మీట తనంతట తాను కదలకుండా ఆపే క్లిప్పు తప్పకుండా పెట్టండి.

కిందికి వెళ్లక తప్పకపోతే

ర్యాంపుల మీద ముందు చక్రాలు ఎక్కించడం జాకీ కంటే తేలిక, భద్రం. గట్టి, చదునైన నేల మీద ర్యాంపులు పెట్టి, బయట ఒకరు నిలబడి చూస్తుంటే నెమ్మదిగా ఎక్కించండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచి, వెనక చక్రాలకు ముందూ వెనకా అడ్డు పెట్టండి. జాకీతో ఎత్తితే మటుకు స్టాండ్లు పెట్టకుండా తల కూడా కిందికి పెట్టకండి. చక్రం మార్చుకోవడానికి కారుతో ఇచ్చే జాకీని నమ్మి, ఇటుకలు పేర్చి కారు కిందికి వెళ్లి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆయిల్ కోసం ఆ సాహసం అక్కర్లేదు.

కింద కనిపించిన ప్లగ్ ఇంజన్‌దేనా అని ఖాయం చేసుకోండి. గేర్‌బాక్స్ ప్లగ్ కూడా అక్కడికి దగ్గర్లోనే ఉంటుంది. అది విప్పేసి ఇంజన్‌లో కొత్త ఆయిల్ పోసేస్తే, ఇంజన్‌లో రెండింతల ఆయిల్, గేర్‌బాక్స్‌లో ఏమీ లేనట్టవుతుంది. ప్లగ్ ఉన్న గిన్నెలాంటి భాగం ఏ పక్కన ఉందో పుస్తకంలోని బొమ్మతో పోల్చి చూడండి.

పానాతో వదులయ్యాక మిగతాది వేళ్లతో తిప్పండి. తిప్పుతున్నంతసేపూ ప్లగ్‌ను లోపలికి నొక్కి పట్టుకోండి. త్రెడ్ అయిపోయిన క్షణంలో అది వేలి కింద చిన్నగా దిగజారినట్టవుతుంది. అప్పుడు ఒక్కసారిగా పక్కకు లాగేస్తే ఆయిల్ చేతిమీద పడదు. ధార మొదట దూరంగా చిమ్మి, తగ్గేకొద్దీ దగ్గరికి వస్తుంది, పళ్లెం రెండు చోట్లకీ సరిపోయేంత వెడల్పుండాలి.

బిగించేటప్పుడు కొత్త వాషర్ వేయండి. రాగిదో అల్యూమినియందో, అది నలిగి సందు మూయడానికే ఉంది, ఒకసారి నలిగింది రెండోసారి సరిగా మూయదు. ప్లగ్ మొదటి మూడు నాలుగు చుట్లు వేళ్లతోనే తిరగాలి. వేళ్లకు తిరగట్లేదంటే త్రెడ్ అడ్డంగా పట్టిందన్నమాట, విప్పి మళ్లీ పెట్టండి. ఒకప్పుడు బయట సర్వీసు చేయించినప్పుడు ప్లగ్‌ను పైపు తగిలించి మరీ బిగించారు. తర్వాత విప్పితే అల్యూమినియం చాంబర్‌లోని త్రెడ్ ప్లగ్‌తోపాటే ఊడివచ్చింది. చాంబరే మార్చాల్సి వచ్చింది. అందుకే టార్క్ పానా (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా) కొనుక్కోమంటాను. చాలా కార్లకు 25 నుంచి 40 న్యూటన్ మీటర్ల మధ్య సరిపోతుంది, మీ కారుకు ఎంతో పుస్తకంలో చూడండి.

ఫిల్టర్

బానెట్ ఎత్తగానే నల్లటి ప్లాస్టిక్ టోపీ ఉన్న ఫిల్టర్ కనిపిస్తే మీరు అదృష్టవంతులు, కిందికి వెళ్లే పనే లేదు. టోపీ విప్పి కాగితం ఫిల్టర్ మార్చి, దానితో వచ్చిన కొత్త రబ్బరు రింగు సరైన గాడిలోనే వేయండి. బిగువు ఎంతో చాలా టోపీల మీద అచ్చువేసి ఉంటుంది.

డబ్బా రకం ఫిల్టర్ కింద ఉంటే, స్టీరింగ్ పూర్తిగా ఒకవైపు తిప్పి చక్రం సందులోంచి చెయ్యి పోతుందేమో చూడండి. ఫిల్టర్‌ను కొంచెం వదులు చేశాక, దానిచుట్టూ దళసరి ప్లాస్టిక్ సంచి తొడిగి ఆ సంచి మీదుగానే తిప్పండి. కారే ఆయిలూ ఫిల్టరూ రెండూ సంచిలోనే పడతాయి. మొండికేస్తే పట్టీ పానా వాడండి. స్క్రూడ్రైవర్ గుచ్చి తిప్పితే రేకు చిరిగిపోయి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

పాత ఫిల్టర్ చేతికి రాగానే దాని రబ్బరు రింగు దానికే ఉందో లేదో చూడండి. కొన్నిసార్లు అది ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోతుంది. దానిమీద కొత్తది బిగిస్తే రెండు రింగులు జారి, ప్రెషర్‌కు ఆయిలంతా బయటికి చిమ్ముతుంది. కొత్త రింగుకు వేలితో ఆయిల్ రాసి, రింగు తాకేదాకా చేత్తో తిప్పి, ఆపైన ముప్పావు చుట్టు చేత్తోనే బిగించండి. ఫిల్టర్ మీద వేరే లెక్క రాసి ఉంటే దాన్నే పాటించండి.

పోయడం

పుస్తకం చెప్పినదంతా ఒకేసారి గుమ్మరించకండి. అర లీటరు ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ చూసి, కొద్దికొద్దిగా కలపండి. చాలా కార్లలో రెండు గీతల మధ్య తేడా దాదాపు ఒక లీటరు ఉంటుంది కాబట్టి ఎంత కలపాలో అంచనా దొరుకుతుంది. పై గీత దాటితే ఇంజన్ అడుగున తిరిగే క్రాంక్ షాఫ్ట్ ఆయిల్‌ను చిలికి నురుగు చేస్తుంది, నురుగు బేరింగును కాపాడదు. ఎక్స్‌ట్రాక్టర్ ఉంటే ఎక్కువైనదాన్ని వెంటనే లాగేయొచ్చు.

మూత పెట్టి స్టార్ట్ చేయండి, యాక్సిలరేటర్ తొక్కకండి. ఆయిల్ దీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి. ఒక నిమిషం నడిపి, ఆపి, ప్లగ్ దగ్గరా ఫిల్టర్ దగ్గరా టార్చి వేసి చూడండి. కారు చదునైన చోట పెట్టి, ఐదు నిమిషాలాగి డిప్‌స్టిక్ మళ్లీ చూడండి. ఫిల్టర్ నిండింది కాబట్టి మట్టం కాస్త దిగి ఉంటుంది, ఆ లోటు పూడ్చండి.

తీసిన ఆయిల్‌ను కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాల్లోకే పోసి, వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకు అప్పగించండి. దాన్ని శుద్ధి చేసి మళ్లీ కందెన ఆయిల్‌గా మార్చవచ్చు. మురుగు కాలువలో పోయకండి, కాల్చకండి. ఒక్క కారు నుంచి తీసిన ఆయిల్ పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ చెబుతుంది. వాడిన ఆయిల్‌లో పెట్రోలూ డీజిలూ కాలగా పుట్టిన హానికర పదార్థాలుంటాయి, అందుకని నైట్రైల్ తొడుగులు లేకుండా చెయ్యి పెట్టకండి.

తారీఖు, ఓడోమీటర్ అంకె, ఆయిల్ గ్రేడు ఒక కాగితం మీద రాసి బానెట్ కింద అతికించండి, డ్యాష్‌బోర్డు మీద సర్వీసు గుర్తును రీసెట్ చేయండి. రాత్రికి ఇంజన్ కింద పెద్ద అట్టముక్క పరిచి, తెల్లారాక కారు తీసేముందు దానిమీద మరక ఉందేమో చూసి, చల్లటి ఇంజన్‌లో డిప్‌స్టిక్ ఇంకోసారి చూసుకోండి.