ఫైర్‌ఫాక్స్ నైట్లీ, బీటాల్లో రూపం మారినప్పుడు: సమస్య - పరిష్కారం

ఫైర్‌ఫాక్స్‌లో ఏ కొత్త రూపమైనా ముందుగా నైట్లీలో కనబడుతుంది. రోజుకు రెండుసార్లు తయారయ్యే ఈ కూర్పులో సుమారు నాలుగు వారాలు నలిగిన మార్పులు బీటాకు చేరుతాయి. అక్కడ మరో నాలుగు వారాలు గడిచాక సాధారణ విడుదలలోకి వస్తాయి. నైట్లీ వాడేవారు ఆ మార్పును మిగతావారికంటే నెలా రెండు నెలలు ముందే చూస్తారు కాబట్టి, చిరాకు పడేదీ ముందు వారే. ఆ చిరాకు "పాతదే బాగుంది, పాతదే ఇవ్వండి" అన్న ఒకే మాటగా బయటికి వస్తుంది గానీ, దాని వెనక ఉన్న కారణాలు ఒకటి కావు. డిజైనర్లు కావాలని చేసిన మార్పుకు, కొందరి మీద నడుస్తున్న ప్రయోగానికి, నిజమైన బగ్‌కు, మనం పెట్టుకున్న సొంత సర్దుబాటు చెడిపోవడానికి మందులు వేర్వేరు. కారణం తేల్చుకోకుండా సెట్టింగులు తిప్పుతూ పోతే మొదటి సమస్య అలాగే ఉండి, రెండోది వచ్చి చేరుతుంది.

ఏ లక్షణానికైనా తొలి పరీక్ష ఒకటే. సహాయం మెనూలో ట్రబుల్‌షూట్ మోడ్‌ను ఎంచుకుని బ్రౌజర్‌ను మళ్ళీ తెరవాలి. 2021లో వచ్చిన 88వ కూర్పుకు ముందు దీని పేరు సేఫ్ మోడ్. ఈ మోడ్‌లో ఎక్స్‌టెన్షన్లు, థీములు, మీరు రాసుకున్న స్టైల్ ఫైళ్ళు పనిచేయవు. విడ్డూరం ఇక్కడ మాయమైతే లోపం మీ సర్దుబాట్లలో ఉన్నట్టు, మాయం కాకపోతే బ్రౌజర్‌లోనో, మీరు మార్చిన ప్రిఫరెన్సుల్లోనో (లోపలి సెట్టింగుల్లోనో) ఉన్నట్టు. కింద చెప్పే అబౌట్ పేజీల (బ్రౌజర్ తన లోపలి వివరాలు చూపే పేజీల) చిరునామాలను, ప్రిఫరెన్సుల పేర్లను అడ్రస్ బార్‌లోనైనా వెతుకుడు పెట్టెలోనైనా ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి.

లక్షణం: ట్యాబులు, టూల్‌బార్లు లావెక్కాయి, పేజీకి చోటు తగ్గింది

కారణం దాదాపు ఎప్పుడూ కావాలని చేసిన మార్పే. ఇందుకు అందరికీ గుర్తుండే ఉదాహరణ ప్రోటాన్. 2021 జూన్ 1న 89వ కూర్పుతో విడుదలైన ఈ రూపం అంతకు ముందు కొన్ని నెలలపాటు నైట్లీలో, బీటాలో నడిచింది. పాత ఫోటాన్ రూపంలో 33 పిక్సెళ్ళ ఎత్తున్న ట్యాబుల వరుస ఇందులో పైనా కిందా వదిలిన ఖాళీతో కలిపి 44 పిక్సెళ్ళయింది. ట్యాబుల మధ్య గీతలు పోయాయి, ప్రధాన మెనూలో బొమ్మలు పోయాయి, పాట మోగుతున్న ట్యాబులో శీర్షిక కింద అక్షరాల వరుస ఒకటి వచ్చి చేరింది.

పదకొండు పిక్సెళ్ళకు ఇంత గొడవా అనిపించవచ్చు. పెద్ద మానిటర్ ఉన్నవారికి అది పట్టింపు లేని విషయమే. 1366×768 తెర ఉన్న ల్యాప్‌టాప్‌లో మెనూ బార్, బుక్‌మార్క్ టూల్‌బార్ కూడా తెరిచి ఉంచుకునేవారికి మాత్రం పేజీలో ఒక వరుస చేజారినట్టే. దీనికి తోడు, టూల్‌బార్ సర్దుబాటు తెరలో ఉండే, ట్యాబులనూ బటన్లనూ కుదించి చూపే 'కాంపాక్ట్' సాంద్రతను తీసేయాలని అదే సమయంలో ప్రతిపాదించారు. అది ఎవరికీ సులువుగా కంటపడని చోట ఉంది కాబట్టి వాడేవారు తక్కువే అయి ఉంటారన్నది అప్పటి అంచనా. కంటపడని చోట పెట్టింది తామే అయినప్పుడు ఆ వాదన వినడానికి కొంత విడ్డూరంగానే ఉంటుంది. నైట్లీ వాడుకరుల నుంచి గట్టి వ్యతిరేకత వచ్చాక నిర్ణయం సగం దారిలో ఆగింది. అప్పటికే కాంపాక్ట్ వాడుతున్నవారికి అది అలాగే మిగిలింది, మిగతావారికి కనిపించకుండా దాచారు, పేరు పక్కన 'మద్దతు లేదు' అన్న ముక్క తగిలించారు.

పరిష్కారం: అబౌట్:కాన్ఫిగ్ పేజీలో బ్రౌజర్.కాంపాక్ట్‌మోడ్.షో అన్న ప్రిఫరెన్సును వెతికి 'ట్రూ'గా మార్చండి. తరువాత టూల్‌బార్ మీద కుడి క్లిక్ చేసి సర్దుబాటు తెర తెరిస్తే, అడుగున ఉండే సాంద్రత జాబితాలో కాంపాక్ట్ కనబడుతుంది. ఎత్తు విషయంలో పేచీ ఇంకా తీరకపోతే, 2025 మార్చిలో వచ్చిన 136వ కూర్పు నుంచి నిలువు ట్యాబులు ఉన్నాయి. సెట్టింగ్స్‌లో బ్రౌజర్ లేఅవుట్ కింద వాటిని ఎంచుకుంటే పై వరుస పూర్తిగా పోయి పక్కకు చేరుతుంది. వెడల్పు తెరలకు ఇదే మేలైన మార్గమని నా అభిప్రాయం.

లక్షణం: కూర్పు సంఖ్య ఒకటే, అయినా పక్కవారి బ్రౌజర్‌లో ఉన్నది నా దాంట్లో లేదు

ఇది బగ్ కాదు. కొత్త సదుపాయాలను అందరికీ ఒకేసారి ఇవ్వకుండా, కొంతమందికి తెరిచి చూసి, తరువాత విస్తరించడం ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లాకు అలవాటు. 2025లో ట్యాబ్ గ్రూపులు కూడా ఇలా విడతలుగానే వచ్చాయి. కొన్ని మార్పులు నైట్లీకి మాత్రమే పరిమితమై, ఆ కూర్పు బీటాకు చేరినా అక్కడ మూసే ఉంటాయి. అందువల్ల నైట్లీలో చూసిన ప్రతిదీ వచ్చే విడుదలలో మీద పడుతుందని ముందుగానే కంగారు పడనక్కరలేదు.

అబౌట్:స్టడీస్ తెరిస్తే మీ బ్రౌజర్‌లో నడుస్తున్న ప్రయోగాలు కనబడతాయి, అక్కడే వాటిని తీసేయవచ్చు. ఇకముందూ వద్దనుకుంటే సెట్టింగ్స్‌లోని గోప్యత విభాగంలో ప్రయోగాలను అనుమతించే గడిలో టిక్కు తీసేయండి. దీనికి తలకిందులుగా, అందని సదుపాయాన్ని ముందే రుచి చూడాలనుకునేవారు సెట్టింగ్స్‌లోని ఫైర్‌ఫాక్స్ ల్యాబ్స్ చూడాలి.

లక్షణం: పాత రూపం తెచ్చే కిటుకు నిన్నటిదాకా పనిచేసింది, అప్‌డేట్ తరువాత పనిచేయడం లేదు

కొత్త రూపాన్ని తయారుచేసేటప్పుడు దాన్ని ఆన్, ఆఫ్ చేయడానికి అభివృద్ధి చేసేవారు ఒక ప్రిఫరెన్సు పెట్టుకుంటారు. అది వారి పని సౌకర్యం కోసం పెట్టిన తాత్కాలిక మీట, వాడుకరులకు ఇచ్చిన హామీ కాదు. కొత్త రూపం కుదురుకోగానే పాత కోడ్‌తో పాటు దాన్నీ తీసేస్తారు. ప్రోటాన్‌ను ఆపే మీటలు 89, 90 కూర్పుల్లో పనిచేసి, 2021 ఆగస్టులో వచ్చిన 91తో పోయాయి. అంతకు ముందు ఏడాది, 75వ కూర్పులో క్లిక్ చేయగానే ఉబ్బే అడ్రస్ బార్ వచ్చినప్పుడూ ఇదే కథ నడిచింది. దాన్ని మామూలు చేసే ప్రిఫరెన్సులు రెండు కూర్పుల తరువాత, 77లో మాయమయ్యాయి.

మీ కిటుకు ప్రాణంతో ఉందో లేదో కనుక్కోవడం సులభం. అబౌట్:కాన్ఫిగ్‌లో దాని పూర్తి పేరు టైపు చేయండి. వరుస చివర వెనక్కి తిరిగిన బాణం ఉంటే, ఆ ప్రిఫరెన్సు బ్రౌజర్‌లో ఇంకా ఉంది, మీరు దాని విలువ మార్చారు. బాణం బదులు చెత్తబుట్ట బొమ్మ ఉంటే, బ్రౌజర్ దాన్ని వదిలేసి ఉంటుంది, మీరు ఎప్పుడో పెట్టిన విలువ మాత్రం ప్రొఫైల్‌లో (మీ సెట్టింగులు, బుక్‌మార్కులు దాచే ఫోల్డర్‌లో) పడి ఉంది. పేరుకు ఎదురుగా బూలియన్, నంబర్, స్ట్రింగ్ అని మూడు ఎంపికలు చూపిస్తూ కొత్తగా చేర్చమంటే, అసలు ఆ పేరుతో ఇప్పుడు ఏదీ లేనట్టే. దాన్ని చేర్చి ట్రూ పెట్టినంత మాత్రాన సాధారణంగా ఏమీ జరగదు. మీరు పెట్టినవాటిలో చెత్తబుట్ట కనబడినవాటిని తీసేయడం మంచిది. ఎక్కడో చదివి వరుసగా పది ప్రిఫరెన్సులు అతికించుకున్నవారి ప్రొఫైళ్ళలో, ఆరు నెలల తరువాత ఏది ఎందుకు మార్చారో వారికే తెలియని స్థితి వస్తుంది. ఆ తరువాత పుట్టే ప్రతి విడ్డూరానికీ ఆ పదీ అనుమానితులే.

లక్షణం: సొంత స్టైల్ ఫైలు పెట్టుకున్నాక బటన్లు ఒకదానిమీద ఒకటి ఎక్కాయి, ట్యాబులు విరిగాయి

ప్రొఫైల్ ఫోల్డర్‌లోని 'క్రోమ్' అనే ఉపఫోల్డర్‌లో యూజర్‌క్రోమ్.సీఎస్ఎస్ ఫైలు పెట్టుకుని ఫైర్‌ఫాక్స్ రూపాన్ని తమకు నచ్చినట్టు మార్చుకునేవారు చాలామంది ఉన్నారు. (ఈ ఫోల్డర్ పేరుకు, గూగుల్ బ్రౌజర్‌కు సంబంధం లేదు.) 2019లో వచ్చిన 69వ కూర్పు నుంచి ఈ ఫైలును బ్రౌజర్ తనంతట తాను చదవదు, అందుకు అబౌట్:కాన్ఫిగ్‌లో అనుమతి ఇవ్వాలి. పాత ఫైలు ఏమాత్రం పనిచేయకపోతే ముందు చూడవలసింది ఆ అనుమతినే. పనిచేస్తూనే వికారంగా పనిచేస్తే కారణం వేరు. మీ ఫైలు బ్రౌజర్ లోపలి మూలకాలను పేర్లతో పట్టుకుంటుంది, ఆ పేర్లూ వాటి అమరికా నైట్లీలో ఏ పూటైనా మారవచ్చు.

ఫైలు పేరు మార్చి బ్రౌజర్‌ను తిరిగి తెరవండి. రూపం బాగుపడితే దోషి అదే. తరువాత నియమాలను సగం సగంగా కామెంట్ చేస్తూ (తాత్కాలికంగా పనిచేయకుండా ఆపుతూ) పోతే, చెడగొడుతున్న నియమం కొద్దిసేపట్లోనే దొరుకుతుంది. కొత్త పేరేమిటో చూడాలంటే డెవలపర్ టూల్స్ సెట్టింగుల్లో బ్రౌజర్ క్రోమ్‌ను, రిమోట్ డీబగ్గింగ్‌ను అనుమతించి, బ్రౌజర్ టూల్‌బాక్స్ తెరవాలి. అది బ్రౌజర్ సొంత బటన్లను కూడా వెబ్ పేజీని చూపినట్టే విప్పి చూపుతుంది.

తెలుగు శీర్షికల పేజీలు ఎక్కువగా తెరిచేవారికి ఇక్కడ ఒక జాగ్రత్త. ట్యాబ్ ఎత్తు తగ్గించే స్టైళ్ళను ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకుని రాస్తారు. లైన్ ఎత్తు బాగా తగ్గిస్తే 'లక్ష్మి', 'రాష్ట్రం' వంటి మాటల్లో కింది ఒత్తులు తెగిపోతాయి. ట్యాబ్ ఎత్తు తగ్గించినా శీర్షిక లైన్ ఎత్తును ముట్టుకోకుండా వదిలేయండి.

లక్షణం: తెలుగు మెనూల మధ్య ఇంగ్లీషు వాక్యాలు కనబడుతున్నాయి

ఫైర్‌ఫాక్స్‌ను తెలుగు ఇంటర్‌ఫేస్‌తో వాడేవారికి రూపం మారినప్పుడల్లా ఇది ఎదురవుతుంది. కొత్త మెనూతో కొత్త మాటలు వస్తాయి, అనువాదం జరిగేదాకా వాటి స్థానంలో ఇంగ్లీషు మూలమే కనబడుతుంది. పాడైంది ఏమీ లేదు, మళ్ళీ ఇన్‌స్టాల్ చేయడం వల్ల ప్రయోజనమూ లేదు. పాంటూన్ అనే మొజిల్లా అనువాద వేదికలో తెలుగు విభాగం తెరిచి ఆ మాటలకు అనువాదాలు సూచించవచ్చు. నైట్లీ వాడుకరి దీనికి తగిన మనిషి, ఎందుకంటే ఆ మాట ఏ బటన్ మీద, ఎంత చోటులో కూర్చోవాలో తన కళ్ళతో చూసి ఉంటాడు.

లక్షణం: విసుగొచ్చి పాత కూర్పుకు వెళితే ప్రొఫైల్ తెరుచుకోవడం లేదు

కొత్త కూర్పు ప్రొఫైల్‌లోని డేటాబేసులను తన పద్ధతికి మార్చుకుంటుంది, పాత కూర్పు వాటిని సరిగా చదవలేకపోవచ్చు. 2019లో 67వ కూర్పు నుంచి, మీరు పాత కూర్పును తెరిచారని హెచ్చరించి, కొత్త ప్రొఫైల్ సృష్టించమనడమో మూసేయమనడమో బ్రౌజర్ చేస్తోంది. కమాండ్ లైన్‌లో ఆ అడ్డును దాటే మార్గం ఉంది గానీ, బుక్‌మార్కులు, పాస్‌వర్డులు పోతే బాధ్యత మనదే. నకలు తీసుకోకుండా ఆ పని చేయకండి.

అసలు ఈ చిక్కు రాకుండా చూసుకోవడమే తేలిక. నైట్లీ, డెవలపర్ ఎడిషన్ తమంతట తాముగా వేరే ప్రొఫైల్ పెట్టుకుంటాయి. పాత బుక్‌మార్కుల మీద మమకారంతో వాటిని మీ ప్రధాన ప్రొఫైల్‌కు మళ్ళించకండి, అవసరమైతే బుక్‌మార్కులను ప్రొఫైళ్ళ మధ్య పంచే సింక్ వాడండి. ఆఫీసు పనికి స్థిరమైన రూపమే కావాలనుకుంటే ఈఎస్ఆర్ అనే దీర్ఘకాల మద్దతు కూర్పు ఉంది, అందులో రూపం సుమారు ఏడాదికి ఒకసారి మాత్రమే మారుతుంది.

లక్షణం: పైవేవీ కావు, నిజంగానే చెడింది, లేదా మార్పు నా పనికి అడ్డుపడుతోంది

ట్రబుల్‌షూట్ మోడ్‌లో, కొత్త ప్రొఫైల్‌లో కూడా కనబడే లోపమైతే అది బగ్. అది ఏ రోజు కూర్పుతో మొదలైందో తేల్చడానికి మోజ్‌రిగ్రెషన్ అనే పరికరం ఉంది. బాగున్న ఒక తేదీని, చెడిన ఒక తేదీని ఇస్తే, మధ్యలోని నైట్లీలను అదే దించుకుని ఒక్కొక్కటిగా తెరిచి చూపిస్తుంది, బాగుందో లేదో మీరు చెబుతూ పోవాలి. ప్రతి జవాబుతో వెతకవలసిన వ్యవధి సగానికి తగ్గుతుంది కాబట్టి, ఏడాది వ్యవధి అయినా పది లోపు ప్రశ్నల్లో ఒక రోజుకు కుదించుకుపోతుంది. ఆ వివరంతో మొజిల్లా బగ్‌ల నమోదు వేదిక అయిన బగ్‌జిల్లాలో దాఖలైన ఫిర్యాదు నేరుగా ఆ మార్పు చేసినవారి దగ్గరికి వెళ్ళగలదు.

బగ్ కాకుండా, మార్పే మింగుడు పడనప్పుడు ఫిర్యాదు రాసే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. "కొత్త రూపం అసహ్యంగా ఉంది, ఎవరు అడిగారు?" అన్న ఫిర్యాదుకు బగ్‌జిల్లాలో 'సరిచేయబోము' అన్న ముద్ర తప్ప మరేదీ దక్కదు. దాన్నే ఇలా రాయవచ్చు: "768 పిక్సెళ్ళ ఎత్తు తెరలో బుక్‌మార్క్ టూల్‌బార్ తెరిచి ఉంచితే, నేను రోజూ నింపే ఫారంలో సమర్పించే బటన్ కిందికి జారిపోతోంది. పాత కూర్పులో కనబడేది. రెండు తెరల చిత్రాలు జతచేశాను." ఇందులో అభిరుచి లేదు, పోయిన పని ఉంది. చూపు మందగించినవారికి ప్రస్తుత ట్యాబ్ ఏదో తెలియకపోవడం, కీబోర్డుతో వాడేవారికి ఒక బటన్ అందకపోవడం వంటివైతే బరువు ఇంకా ఎక్కువ. ఒక ఫిర్యాదులో ఒక్క విషయమే రాయండి. అయిదు అసంతృప్తులు కలిపి రాస్తే అయిదింటినీ ఎవరికీ అప్పగించలేరు.

మీ విషయమే ఎవరైనా ముందే రాసి ఉంటే "నాకూ ఇంతే" అని కింద చేర్చకుండా ఓటు వేయండి. అక్కడ చర్చ పెరిగేకొద్దీ పనికొచ్చే వివరం అడుగున పడిపోతుంది. ఇలా ఉండాలి, అలా ఉండాలి అన్న కోరికలకు వాడుకరుల సూచనల వేదిక మొజిల్లా కనెక్ట్ తగిన చోటు. ట్యాబ్ గ్రూపులు అక్కడ బాగా ఓట్లు పడిన కోరికే.

ఏది రాసినా మార్పు నైట్లీలో ఉండగానే రాయండి. అక్కడ ఒక మార్పును వెనక్కి తీసుకోవడం ఒక్క రోజు పని. అది బీటాకు చేరేసరికి అనువాదాలు, సహాయ పేజీలు, పరీక్షలు అన్నీ కొత్త రూపాన్ని బట్టి సిద్ధమై ఉంటాయి, అప్పుడు చిన్న సవరణలకే ఒప్పుకుంటారు. విడుదలయ్యాక వచ్చే ఫిర్యాదులు చాలావరకు తరువాతి కూర్పు ఖాతాలోకే పోతాయి.