సోలార్ ప్యానెల్‌కి పరికరాలు నేరుగా కలిపే ముందు

"12 వోల్టుల ప్యానెల్" అన్న మాట నమ్మి ఏదీ తగిలించకండి. 36 సెల్స్ ఉన్న ఆ ప్యానెల్ ఎండలో లోడు మీద సుమారు 18 వోల్టులు, ఏమీ కలపకపోతే 22 వోల్టుల దాకా ఇస్తుంది. 72 సెల్స్ ప్యానెల్‌కైతే ఆ అంకెలు ఇంచుమించు 37, 45. పరికరం ఆఫ్‌లో ఉన్నా, అప్పుడే ఆన్ అవుతున్నా దాని మీద పడేది రెండో అంకే. ప్యానెల్ వెనక లేబుల్ మీద వీఓసీ అని ఉండేది అదే. పైగా అది సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటి లెక్క. ఒక్కో డిగ్రీ తగ్గినప్పుడల్లా దాదాపు 0.3 శాతం పెరుగుతుంది కాబట్టి, 5 డిగ్రీల చలి ఉదయాన 45 కాస్తా 48కి చేరుతుంది. పరికరం తట్టుకునే గరిష్ఠ వోల్టేజీ దానికన్నా పైన ఉండాలి.

ఫోన్ ఛార్జింగ్‌కి వాడే చిన్న బక్ కన్వర్టర్లు (వోల్టేజీని తగ్గించి ఇచ్చే బోర్డులు) పోయేది ఇక్కడే. వాటిలో వాడే ఎల్ఎం2596 చిప్ 40 వోల్టుల వరకే పని చేస్తుంది. 36 సెల్స్ ప్యానెల్ ఒక్కదాని మీద హాయిగా నడుస్తుంది. అలాంటివి రెండు సిరీస్‌లో కలిపినా, 72 సెల్స్ ప్యానెల్ పెట్టినా కాలిపోతుంది. కాలిపోయేటప్పుడు చిప్ లోపల షార్టయితే ప్యానెల్ వోల్టేజీ మొత్తం ఫోన్ మీద పడుతుంది. అందుకే ముందు మీటర్‌తో 5 వోల్టులు వస్తున్నాయో లేదో చూసి, ఫోన్‌కి బదులు పవర్ బ్యాంక్ తగిలించండి. మబ్బు పట్టినప్పుడల్లా ఛార్జింగ్ ఆగి మొదలవుతుంటే ఆ తాకిడి దానికే తగులుతుంది.

ప్యానెల్ ఇచ్చేది ఒకే దిశలో పారే డీసీ, ఇంటి కరెంటు దిశ మారుతూ ఉండే ఏసీ. మామూలు ఫ్రిజ్, ఏసీ మోటారు ఫ్యాను, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఏ పరికరమూ డీసీకి కలపకూడదు. వాటిలో కరెంటును అదుపు చేసేది ఏసీ వల్ల పుట్టే ప్రతిఘటన. డీసీలో అది ఉండదు, చుట్టలోని రాగి తీగ నిరోధం ఒక్కటే మిగులుతుంది, దాంతో చుట్ట వేడెక్కి మాడిపోతుంది. ఫ్యాను కావాలంటే 12 లేదా 24 వోల్టుల డీసీ ఇన్‌పుట్ ఉన్న బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ మోటారు) ఫ్యానే తీసుకుని, మధ్యలో సరైన కన్వర్టర్ పెట్టండి.

హీటర్ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. "వేడి చేసే తీగకి ఏసీ అయితేనేం, డీసీ అయితేనేం" అనేది నిజమే, కానీ సగమే. 230 వోల్టుల, 1500 వాట్ల కెటిల్ నిరోధం 35 ఓమ్‌లు. 72 సెల్స్ ప్యానెల్‌కి కలిపితే 44 వోల్టుల దగ్గర 55 వాట్లే లాగుతుంది, నీళ్లు మరగవు. 37 వోల్టుల, 8.65 ఆంపియర్ల ప్యానెల్‌కి సరిపడే తీగ సుమారు 4.3 ఓమ్‌లది. అదైనా నిండు ఎండకే. ఎండ సగమైతే కరెంటు సగమవుతుంది, దాంతో వోల్టేజీ కూడా సగానికి పడి, 320 వాట్లు 80కి దిగజారతాయి. దీన్ని సరిదిద్దాలని ప్యానెల్లు సిరీస్‌లో పెంచుకుంటూ 200 వోల్టులకు పోవద్దు. మామూలు కెటిల్, ఇస్త్రీ పెట్టెల థర్మోస్టాట్ ఏసీని తెంచడానికే చేసింది. ఏసీ సెకనుకు కనీసం 100 సార్లు సున్నాకి వస్తుంది, కాంటాక్టులు విడిపోయేటప్పుడు పుట్టే నిప్పురవ్వ అప్పుడు ఆరిపోతుంది. డీసీకి ఆ విరామం లేదు. కాంటాక్టులు విడిపోయినా మధ్యలో మంట నిలిచి, చివరికి అవి అతుక్కుపోతాయి. ఇక వేడి ఆగదు. ఇంట్లో చేసుకునే అమరికను 60 వోల్టుల లోపే ఉంచండి, హీటరును వదిలేసి బయటికి వెళ్లకండి.

గోడ స్విచ్‌లకూ ఇదే వర్తిస్తుంది. డీసీ రేటింగ్ రాసి ఉన్న ఎంసీబీ (కరెంటు మితిమీరితే తనే పడిపోయే స్విచ్) లేదా ఐసోలేటరే (కరెంటును పూర్తిగా విడదీసే స్విచ్) వాడండి. కొన్ని డీసీ ఎంసీబీలకు ప్లస్, మైనస్ గుర్తులుంటాయి, తిరగేస్తే అవీ మంటను ఆర్పలేవు.

ఫ్యూజు ఉందన్న ధీమా కూడా వద్దు. 8.65 ఆంపియర్ల ప్యానెల్ షార్టయినా 9 పైచిలుకే ఇస్తుంది, 15 ఆంపియర్ల ఫ్యూజు ఎప్పటికీ పోదు. షార్టయిన చోటు వేడెక్కుతూనే ఉంటుంది. కాబట్టి వైరు అతుకులే గట్టిగా ఉండాలి: మెలిపెట్టి టేపు చుట్టడం కాదు, క్రింప్ చేసిన (పనిముట్టుతో నొక్కి బిగించిన) కనెక్టర్లు, రెండు వైపులా ఒకే కంపెనీవి. 10 మీటర్ల దూరానికి 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు వేస్తే 9 ఆంపియర్ల దగ్గర 0.8 వోల్టులే పోతుంది. మూడు లేదా అంతకంటే ఎక్కువ ప్యానెల్లు ప్యారలల్‌గా కలిపితే మాత్రం ఒక్కోదానికి ఫ్యూజు తప్పనిసరి, లేకపోతే చెడిపోయిన ప్యానెల్‌లోకి మిగతావాటి కరెంటంతా దూరుతుంది.

పని మొదలుపెట్టేటప్పుడు ప్యానెల్‌ను మందపాటి నల్లగుడ్డతో కప్పండి, వెలుతురు పడినంతసేపూ అందులో కరెంటు ఉన్నట్టే. మీటర్ ఎర్ర ప్రోబు ఆంపియర్ల సాకెట్‌లో మిగిలిపోలేదని చూసుకుని వోల్టేజీ, ప్లస్ మైనస్ సరిచూడండి. లోడు నడుస్తుండగా కనెక్టర్ లాగకండి, ముందు స్విచ్ ఆఫ్ చేయండి. గంటసేపు నడిపాక ఆపేసి ప్రతి అతుకూ తాకి చూడండి. మిగతా వైరు కన్నా ఎక్కడైనా వేడిగా ఉంటే ఆ క్రింప్ కోసేసి మళ్లీ వేయాలి.