ట్రైలర్‌ను స్టాండ్ల మీదికి ఎక్కించే ముందు

ట్రైలర్ అంటే ఇక్కడ కారు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు. నెలల తరబడి కదలకపోతే దాని టైరు ఒకేచోట నొక్కుకుపోయి చదునవుతుంది. అందుకే బండి బరువు మోసే స్టాండ్లు. జాకీ పట్టుకునే ముందు ఇవి చూసుకోండి.

- నేల గట్టిగా, చదునుగా ఉండాలి. మట్టి నేలైతే ప్రతి స్టాండు కింద మందపాటి చెక్క వేయండి. వానకు మట్టి నానిందంటే స్టాండు ఓ పక్కకి దిగబడుతుంది.
- లోపల ఎవరూ ఉండకూడదు.
- ఎత్తని వైపు చక్రాలకు ముందూ వెనకా దిమ్మలు పెట్టండి.
- మూలల్లోని స్టెబిలైజర్ జాకీలతో ఎత్తొద్దు. ఊగకుండా ఆపడమే వాటి పని, చాలామంది ఇక్కడే పొరపడతారు. ఎక్కడ ఎత్తాలో మాన్యువల్లో ఉంటుంది. యాక్సిల్ (చక్రాలను కలిపే ఇరుసు) నడుమ జాకీ పెడితే ఇరుసు వంగిపోవచ్చు.
- స్టాండ్ల మీద రాసిన టన్నులు బండి బరువుకు సరిపోవాలి.
- వట్టి జాకీ మీద ఉండగా కిందికి దూరొద్దు, చెయ్యి కూడా పెట్టొద్దు.

టైరు నేలను పూర్తిగా వదలక్కర్లేదు, బరువు తగ్గితే చాలు. ఎండ తగలకుండా కవర్లు తొడగండి.