ఇంటి ముంగిట్లోనే పికప్‌కు ఇంజన్ ఆయిల్ మార్చుకునే పద్ధతి

టమోటా క్రేట్లు ఎక్కించుకుని మదనపల్లె మార్కెట్‌కు తిరిగే బొలెరో పికప్ లాంటి బండి ఉన్నవారు ఆయిల్ మార్చడానికి ప్రతిసారీ మెకానిక్ షెడ్డుకే పోనవసరం లేదు. అయితే కూలి కింద మిగిలేది పెద్ద మొత్తం కాదు కాబట్టి డబ్బు కోసమని ఈ పనికి దిగవద్దు. ఇంజన్‌లో పోసినది అసలైన ఆయిలేనా, ఫిల్టరు నిజంగా మార్చారా, కింది బోల్టు ఎంత బిగించారు అన్న మూడు సంగతులు మన కళ్లతో మనమే చూసుకోవడానికి దిగాలి. బండి ఇంకా వారంటీలో ఉంటే మాత్రం ముందుగా వారంటీ పుస్తకంలోని షరతులు చదువుకోవడం మంచిది.

ఆయిల్ ఎంపికలో దుకాణదారు మాట కన్నా బండితో వచ్చిన పుస్తకం మాటకే విలువ ఇవ్వాలి. ఎన్ని లీటర్లు పడుతుందో, ఏ గ్రేడు కావాలో అందులో ఉంటుంది. మన దగ్గర డీజిల్ బండ్లకు ఎక్కువగా వాడే 15డబ్ల్యూ-40లో మొదటి అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా పారుతుందో చెబితే, రెండవది ఇంజన్ వేడెక్కాక ఎంత చిక్కగా నిలుస్తుందో చెబుతుంది. డబ్బా మీద సీఐ-4, సీకే-4 వంటి గుర్తులు కూడా కనిపిస్తాయి. ‘సీ’తో మొదలయ్యేవి డీజిల్ ఇంజన్లకు, ‘ఎస్’తో మొదలయ్యేవి పెట్రోలు ఇంజన్లకు ఉద్దేశించినవి. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 ప్రమాణాలు అమలులోకి వచ్చాక తయారైన డీజిల్ బండ్లలో చాలావాటికి పొగగొట్టంలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే జాలి ఉంటుంది. అందులో చేరిన మసి ఎప్పటికప్పుడు కాలిపోతుంది గాని, ఆయిల్ మండగా మిగిలిన బూడిద కాలదు, అక్కడే పేరుకుపోతుంది. అందుకే అటువంటి బండికి బూడిద తక్కువగా మిగిల్చే రకాన్నే పోయాలి.

సమతలంగా ఉన్న చోట బండి నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచి, చక్రాలకు ముందూ వెనుకా రాళ్లు పెట్టండి. పికప్ కింద సాధారణంగా మనిషి దూరేంత ఎత్తు ఉంటుంది కాబట్టి జాకీ అవసరం రాదు. ఒకవేళ వచ్చినా, కేవలం జాకీ మీద నిలిచిన బండి కిందికి ఎట్టి పరిస్థితుల్లోనూ దూరకూడదు. సరిపోయే రింగ్ స్పానర్, పాత ఆయిల్ మొత్తం పట్టే వెడల్పాటి టబ్బు, గరాటు, గుడ్డపీలికలు, చేతి తొడుగులు, కొత్త ఫిల్టరు, కొత్త వాషరు ముందే పక్కన పెట్టుకోవాలి. గేరును న్యూట్రల్‌లోకి తెచ్చి ఇంజన్‌ను అయిదు నిమిషాలు నడిపి ఆపి, మళ్లీ గేరులో ఉంచి, మరో పది నిమిషాలు ఆగండి. గోరువెచ్చని ఆయిల్ అడుగున ఉన్న మడ్డితో సహా దిగుతుంది. మార్కెట్ నుంచి అప్పుడే వచ్చిన బండికి మాత్రం వెంటనే బోల్టు విప్పితే చెయ్యి కాలడం ఖాయం.

పైన ఆయిల్ పోసే మూత తీసి, కింద చాంబరు (ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) బోల్టును స్పానర్‌తో వదులు చేశాక, చివరి మరలను వేళ్లతో పైకి అదిమి పట్టుకుని తిప్పుతూ ఒక్కసారిగా పక్కకు లాగేయాలి. ధార మొదట ముందుకు దూకి, తగ్గుతున్నకొద్దీ వెనక్కి జరుగుతుంది కాబట్టి టబ్బును దానితో పాటు జరుపుతూ ఉండాలి.

ఆయిల్ పూర్తిగా దిగేదాకా ఓ పదిహేను నిమిషాలు ఊరికే కూర్చోకుండా ఆయిల్‌ను పరీక్షించండి. నల్లగా ఉందని కంగారు పడవద్దు. డీజిల్ మసిని తనలో కలుపుకుని మోయడమే ఆయిల్ పని గనుక, కొత్తది పోసిన కొద్ది రోజులకే నల్లబడినా అది నకిలీదని అనుకోనక్కర్లేదు. టీ రంగులో, పాలు కలిసినట్టుగా ఉంటే నీళ్లో, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంటో చేరిందని అర్థం. డీజిల్ వాసన గట్టిగా వస్తూ, ఆయిల్ మట్టం చూసే పుల్ల (గేజీ) మీద మట్టం తగ్గడానికి బదులు పెరిగి ఉంటే ఇంధనం కలుస్తున్నట్టు. రెండు వేళ్ల మధ్య రుద్దినప్పుడు జరీ పొడిలాంటి మెరుపు కనిపిస్తే లోపల లోహం అరుగుతోందని తెలుసుకోవాలి. ఈ మూడింటిలో ఏది కనిపించినా మంచి మెకానిక్‌కు చూపించేదాకా లోడు ఎత్తకపోవడమే మేలు.

బోల్టు తిరిగి పెట్టేటప్పుడు పాత వాషరు తీసేసి కొత్తది వేసి, మొదటి మూడు నాలుగు చుట్లు తప్పనిసరిగా వేళ్లతోనే తిప్పాలి. ఒకసారి ఒక షెడ్డులో నా బండి బోల్టును పొడవాటి పైపు తొడిగి బిగించారు. మరుసటి సర్వీసులో అది మరలతో సహా ఊడి వచ్చింది, చాంబరే మార్చాల్సి వచ్చింది. కారకుండా ఆపేది వాషరే గాని మన కండబలం కాదు.

ఇక ఫిల్టరు. డబ్బా రకం ఫిల్టరును విప్పగానే దాని మూతి చూడండి. రబ్బరు రింగు అక్కడ కనిపించకపోతే అది ఇంజన్‌కే అతుక్కుని ఉందన్నమాట. నల్లటి ఇనుము మీద నల్లటి రబ్బరు కంటికి ఆనదు; వేలి కొసతో చుట్టూ తడిమితేనే తెలుస్తుంది. దాని మీదే కొత్త ఫిల్టరు బిగిస్తే, స్టార్ట్ చేసిన కాసేపటికే రెండు రింగుల మధ్య నుంచి ఆయిల్ చిమ్మి నేలపాలవుతుంది. అతుకు చోటు శుభ్రంగా తుడిచి, కొత్త రింగుకు వేలితో ఆయిల్ రాసి, రబ్బరు ఆనేదాకా తిప్పి, ఆ తరువాత ఫిల్టరు మీద ముద్రించినంత మేరకు, మామూలుగా ముప్పావు చుట్టు, చేత్తోనే బిగించాలి.

పుస్తకంలో చెప్పిన పరిమాణంలో కొంత మిగుల్చుకుని పోసి, మూత పెట్టి, న్యూట్రల్‌లో స్టార్ట్ చేయండి. ఆయిల్ ఎర్రదీపం కొన్ని సెకన్లలో ఆరిపోవాలి. ఆరకపోతే వెంటనే ఇంజన్ ఆపేయాలి. ఖాళీ ఫిల్టరు నిండేదాకా టర్బోకు ఆయిల్ సరిగా అందదు కాబట్టి రేజ్ చేయకూడదు. రెండు మూడు నిమిషాల తరువాత ఆపి, కింద ఎక్కడైనా చెమ్మ ఉందేమో చూసి, పది నిమిషాలు ఆగి, గేజీ తుడిచి మళ్లీ ముంచి, పై గీత దాటకుండా కొద్దికొద్దిగా పోసి సరిచూసుకోండి. మట్టం ఎక్కువైనా ఇంజన్ లోపల తిరిగే క్రాంకు కడ్డీ దాన్ని చిలికి నురగ పుట్టిస్తుంది కాబట్టి అదీ ప్రమాదమే.

పాత ఆయిల్‌ను స్లాబు పనిలో సెంట్రింగ్ షీట్లకు పూయడం, చెదలు పట్టకుండా కొయ్యలకు రాయడం మన ఊళ్లలో మామూలే గాని, 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనలు దీన్ని ప్రమాదకర వ్యర్థంగానే లెక్కిస్తాయి. కాలువలోనో దిబ్బలోనో పారబోయకుండా, కొత్త ఆయిల్ వచ్చిన డబ్బాలోకే వంపి, రీసైక్లింగ్‌కు పంపే సర్వీస్ సెంటరుకు అప్పగించండి. ఫిల్టరును ఒక రాత్రంతా టబ్బులో బోర్లించి ఉంచితే అందులో మిగిలింది కూడా దిగుతుంది.

కొత్త ఫిల్టరు మీద తేదీ, కిలోమీటర్లు పెయింట్ పెన్నుతో రాయండి. బండి కింద ఒక అట్టముక్క పరిచి ఉంచి, మరునాడు పొద్దున దాని మీద ఒక్క చుక్క కూడా లేకపోతేనే క్రేట్లు ఎక్కించండి.