కాలనీ గ్రూపులో మెసేజ్ తీసేయాలా, ఉంచాలా? అడ్మిన్ ఎలా తేల్చుకోవాలి?

గ్రూపు పెట్టడం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక ఫోను, వాట్సాప్, మీతో కలిపి ముగ్గురు అడ్మిన్లు చాలు. ఇద్దరే ఉంటే మాట కలవనప్పుడు తేల్చేవాళ్లుండరు. ఐదుగురుంటే ఎవరికీ పట్టదు. ముగ్గురూ ఒకే కులం వాళ్లు, ఒకే పార్టీ అభిమానులు కాకూడదు. మన బెజవాడలో ఈ ఒక్కటి చూసుకోకపోతే మొదటి ఎన్నికలకే గ్రూపు రెండుగా చీలుతుంది. ముగ్గురిలో ఒకరైనా ఆడవాళ్లు ఉండాలి.

నియమాలు నాలుగు లైన్లు దాటకూడదు. బూతులు వద్దు. కులాన్నీ మతాన్నీ తిట్టొద్దు. ఇతరుల ఫోటోలు, నంబర్లు అడక్కుండా పెట్టొద్దు. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని వార్త పెట్టొద్దు. గుడ్ మార్నింగ్ బొమ్మలు కూడా వద్దనే నేనంటాను. రోజూ వాటితో నిండిపోయే గ్రూపులో డ్రైనేజీ పొంగిందన్న మెసేజ్ ఎవరి కంటా పడదు.

ఫార్వర్డులది తేలిక. రెండు బాణాల గుర్తుతో వచ్చినదాన్ని చూడగానే 'ఎక్కడ చూశారు, ఎన్నింటికి?' అని అడగండి. అరగంటలో జవాబు రాకపోతే తీసేయండి.

చాలామంది అడ్మిన్లు ఇంత శ్రమ ఎందుకని 'అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు' అన్న సెట్టింగ్ పెట్టేస్తారు. గొడవలుండవు, నిజమే. కానీ 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు పొంగి మన సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు ఏ వీధిలో ఎంత లోతు నీళ్లున్నాయో, ఏ మేడ మీద మంచాన పడ్డ పెద్దాయన ఉన్నారో తెలిసింది అక్కడున్నవాళ్లకే. అలాంటి రోజున తాళం వేసిన గ్రూపు ఎవరికి పనికొస్తుంది? పుకార్లకు భయపడి అందరి నోళ్లూ కట్టేస్తే సాయం అడిగే నోరు కూడా కట్టేసినట్టే.

ఇక అసలు కష్టమైనది, అందరూ పాడుచేసేది ఒకటుంది. గ్రూపులో ఒకరి మీద ఇంకొకరు ఆరోపణ చేసినప్పుడు ఏం చేయాలి? ఇలాంటి మెసేజ్ వచ్చిందనుకోండి: 'మూడో ఫ్లోర్ ఆవిడ దగ్గర చీటీ కట్టేవాళ్లు జాగ్రత్త. నేను పాడుకుని నాలుగు నెలలైంది, లక్షన్నర ఇవ్వలేదు. ఆ ఇంట్లో అందరూ దొంగలే.'

సగంమంది అడ్మిన్లు వెంటనే డిలీట్ నొక్కేస్తారు. మిగతా సగం తమకెందుకులే అని ఊరుకుంటారు. రెండూ తప్పే. మెసేజ్‌ను మళ్లీ చదవండి. మొదటిది హెచ్చరిక. రెండోది ఆ మనిషికి స్వయంగా తెలిసిన విషయం, రుజువు అడగొచ్చు. మూడోది తిట్టు. ఈ మూడూ ఒకే మెసేజ్‌లో ఉన్నాయని మొత్తం తీసేస్తే డబ్బు పోగొట్టుకున్నావిడ నోరు నొక్కినట్టు. మొత్తం ఉంచేస్తే చీటీ సంగతే తెలియని ఆ ఇంటి పిల్లల్ని కూడా దొంగల్ని చేసినట్టు.

అందుకని ముందు స్క్రీన్‌షాట్ తీసుకోండి. తర్వాత రాసినావిడకు ఫోన్ చేయండి. గ్రూపులో జవాబివ్వకండి, పదిమంది చూస్తుంటే ఎవరూ వెనక్కి తగ్గరు. 'పిన్నిగారూ, మీ డబ్బుల సంగతి తీసేయమనడం లేదు. చివరి మాట తీసి, ఎప్పుడు ఎంత కట్టారో రాసి మళ్లీ పెట్టండి' అని చెప్పండి. కొత్తది పెట్టాకే పాతది తీయాలి. ఈ వరస తప్పితే, నోరు మూయించారన్న మాట సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకుతుంది. ఆ వెంటనే రెండో ఆవిడకూ ఫోన్ చేసి, ఆమె మాట కూడా ఇదే గ్రూపులో పెట్టమనండి. వేరే చోట చెప్పుకోమనడం న్యాయం కాదు. చివరగా ఏది ఎందుకు తీశారో ఒక్క లైన్‌లో గ్రూపులో రాయండి.

'పోలీసు కేసవుతుందేమో' అన్న టెన్షన్‌తో డిలీట్ చేయకండి. అడ్మిన్ అయినంత మాత్రాన వేరొకరు పెట్టినదానికి బాధ్యులు కారని 2021లో బాంబే హైకోర్టు నాగపూర్ బెంచి, 2022లో కేరళ హైకోర్టు చెప్పాయి. ముందే కూడబలుక్కుని చేస్తే మాత్రం సంగతి వేరు. పరువునష్టం భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్ కింద నేరమే, అయితే జనం మేలు కోసం చెప్పిన నిజానికి అందులోనే మినహాయింపు ఉంది.

'ఆ మెసేజ్ చూస్తే చిరాకేసింది' అని పదిమంది అడిగినా అది తీయడానికి కారణం కాదు. ఆన్‌లైన్‌లో చిరాకు, అసౌకర్యం కలిగించే మెసేజ్ పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టం 66ఎ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. చిరాకు, అసౌకర్యం లాంటి మాటలకు హద్దు లేదన్నది అందుకు ఒక ముఖ్యకారణం. చర్చించడం, ఒకదాన్ని సమర్థించడం, రెచ్చగొట్టడం వేర్వేరని, మొదటి రెండూ ఎంత నచ్చకపోయినా స్వేచ్ఛలో భాగమేనని ఆ తీర్పు చెప్పింది. మాట్లాడే స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 19వ అధికరణం ప్రధానంగా కట్టడి చేసేది ప్రభుత్వాన్ని, మనలాంటి అడ్మిన్లను కాదు. అయినా నాకు ఇంతకంటే మంచి కొలత కనపడలేదు. కార్పొరేషన్ మీద, ఎమ్మెల్యే మీద, అసోసియేషన్ ప్రెసిడెంట్ మీద, అడ్మిన్‌గా మీ మీద ఎంత ఘాటుగా రాసినా ఉంచండి. 'వాళ్లింటికెళ్లి తేల్చుకుందాం రండి' అని అడ్రస్ పెడితే మాత్రం ఎవరికీ ఫోన్ చేయక్కర్లేదు, ఆ క్షణమే తీసేయండి.

మనిషిని గ్రూపులోంచి తీయడం ఆఖరి మాట. ఒకసారి హెచ్చరించి, మళ్లీ చేస్తే వారం రోజులు తీసి, తిరిగి చేర్చుకోండి. ఆ వారంలో మంచినీళ్లు రాని రోజు, కరెంటు కోత సమాచారం అతనికి విడిగా పంపాల్సింది మీరే.